రాయగిరి నుంచి ముడుమాల్ దాకా, నిలువురాళ్ల దారిలో

బుధవారం: రాయగిరి, నల్లగొండ

భువనగిరి దాటి రాయగిరి చేరేసరికి ఉదయం తొమ్మిదయింది. ధనుర్మాసం కావడంతో దారి పొడవునా గుళ్ల మైకుల్లో తిరుప్పావై వినిపిస్తోంది. యాదగిరిగుట్టకు పోయే కార్లన్నీ ముందుకు సాగిపోతుంటే మేం రైలు పట్టాల వైపు మళ్లాం. నాతో వచ్చింది మా మామయ్య. గవర్నమెంటు స్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ అడ్డదారి ఎక్కడ కలుస్తుందో ఆయనను అడిగితే చాలు, మ్యాప్ అక్కర్లేదు.

దక్షిణ తెలంగాణలో పెద్దరాతి సమాధుల (మెగాలిథ్‌లు, అంటే పెద్ద రాళ్లు పేర్చి కట్టిన పాతకాలపు సమాధులు) గురించి మాట్లాడాలంటే రాయగిరితోనే మొదలుపెట్టాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో నిజాం రైల్వేలో డాక్టరుగా ఉన్న ఇ.హెచ్. హంట్ ఈ చుట్టుపక్కల రాతి వలయాలను తవ్వించి చూశాడు. 1914లో హైదరాబాద్ రాజ్యానికి పురావస్తు శాఖ ఏర్పడింది. దాన్ని నడిపిన గులాం యాజ్దానీ ఇలాంటి సమాధుల్లోని కుండల మీద గీసిన గుర్తుల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. ఆ గీతలు అక్షరాలా, కుమ్మరి గుర్తులా, కుటుంబాల ముద్రలా అన్న చర్చ వందేళ్లుగా సాగుతూనే ఉంది.

ఇప్పుడు అక్కడ కళ్లకు కనిపించేది తక్కువ. ఒక వెంచర్ వాళ్లు నాటిన తెల్లటి హద్దురాళ్ల మధ్య, సీతాఫలం పొదల కింద, సగం వలయం మిగిలి ఉంది. గుండ్రటి పెద్ద గుండ్లు, సగానికి పైగా మట్టిలో కూరుకుపోయి, వంపు తిరిగి కూర్చున్నాయి. మిగతా సగం ఏ పునాదిలోకి పోయిందో, ఏ కంకర మిషన్ మింగిందో. ఊళ్లో ఒక పెద్దాయన వీటిని రాకాసి గుళ్లన్నాడు. తన చిన్నప్పుడు మేకలు కాసుకుంటూ వీటి మీదే కూర్చునేవాళ్లట.

ఈ వలయాల లోపలి పద్ధతి చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. చుట్టూ గుండ్లు పేరుస్తారు. మధ్యలో రాళ్లూ మట్టీ కుప్ప పోస్తారు. ఆ కుప్ప కింద నాలుగు రాతి పలకలు నిలబెట్టి చేసిన పెట్టె, దాని మీద మూతబండ. కొన్నింట్లో ఒక పలకకు, చాలాసార్లు తూర్పు వైపుదానికి, మనిషి చెయ్యో తలో దూరేంత గుండ్రటి కంత ఉంటుంది. కొన్నిచోట్ల పలకల పెట్టె ఉండదు, ఉత్త గొయ్యే. ఇంకొన్నిచోట్ల కాళ్లున్న మట్టి తొట్టిలో ఎముకలు పెట్టారు.

ఎముకలు అన్నది ఇక్కడ ముఖ్యం. చాలా సమాధుల్లో పూర్తి శరీరం ఉండదు. శవాన్ని ముందు ఎక్కడో ఉంచి, మాంసం పోయాక పుర్రెను, కాళ్ల చేతుల పొడుగు ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఒకే పెట్టెలో ఇద్దరివి, ముగ్గురివి, అంతకంటే ఎక్కువమందివి కూడా దొరుకుతాయి. అంటే ఒక మనిషికి రెండు అంత్యక్రియలు. మొదటిది చావు వచ్చిన రోజున, తొందరగా, ఇంటివాళ్ల కన్నీళ్ల మధ్య. రెండోది తీరిక చూసుకుని, ధాన్యం చేతిలో ఉన్నప్పుడు, బంధుబలగాన్ని పిలుచుకుని. ఒడిశాలో కోరాపుట్ వైపు గదబలు చనిపోయినవాళ్ల కోసం ఏళ్ల తర్వాత గోతర్ అనే పెద్ద తంతు చేసి రాళ్లు నిలబెడతారు. బస్తర్‌లో మారియా గోండులు కూడా పోయినవాళ్ల పేరిట రాళ్లు నాటుతారు. మన రాయగిరి వలయాల వెనక కూడా అలాంటి జాతరలాంటి కూడిక ఉందని నేను నమ్ముతాను. ఇంత రాయిని ఇంటివాళ్లు నలుగురే మోసుకురాలేరు.

సాయంత్రం పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, దాని ఆవరణలోని మ్యూజియం మూసే వేళకు ఒకసారి చుట్టి వచ్చాం. రాత్రి నల్లగొండలోనే బస.

గురువారం: నాగార్జునసాగర్

శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు, అందుకే గురువారమే లాంచీ ఎక్కాం. కృష్ణ నిండుగా ఉంది. లాంచీ కదిలాక మామయ్య ఎడమ గట్టు వైపు, అంటే నల్లగొండ వైపు, చెయ్యి చూపించారు. ఏలేశ్వరం అటే ఉండేది.

సాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. ముంపు తప్పదని తేలాక పురావస్తు శాఖలు నీటితో పోటీపడి తవ్వాయి. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వారు. ఎదురుగట్టు ఏలేశ్వరంలో రాష్ట్ర శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వించారు. ఆ లోయ అనగానే అందరికీ ఇక్ష్వాకులు, బౌద్ధ విహారాలు గుర్తొస్తాయి. కానీ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలవడానికి చాలా ముందే అక్కడ ఇనుము వాడిన జనం ఉన్నారు, తమవాళ్లను రాతి వలయాల్లో పెట్టుకున్నారు. ఏలేశ్వరంలోనూ అంతే. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. ఏలేశ్వరం వలయాలు నీటి కిందే ఉండిపోయాయి.

నాగార్జునకొండ మీద ఒక పెద్దరాతి సమాధిని లోయ నుంచి తెచ్చి తిరిగి అమర్చారు. లాంచీ దిగిన జనంలో ఎక్కువమంది దాన్ని చూడకుండానే మ్యూజియంలోకి నడిచిపోయారు. మేం అక్కడే చాలాసేపు ఉన్నాం. చుట్టూ గుండ్లు, మధ్యలో తెరిచి చూపించిన భాగం. చూడ్డానికి ఆడంబరం ఏమీ లేదు. ఒక బాబు వాళ్లమ్మను అడిగాడు, “ఇది బావా?” అని. ఆమె మా వైపు చూసింది. మామయ్య ఆ పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పారు. రిటైరయినా పాఠం మానరు ఆయన.

ఈ సమాధుల్లో నన్ను అన్నింటికంటే పట్టుకున్నది కుండలు. లోపల నలుపు, బయట కింది భాగం ఎరుపు. కుండను బోర్లించి, అంచు భాగం బూడిదలో పూడేలా కాలిస్తే గాలి తగలని చోట నల్లబడుతుంది, గాలి తగిలిన చోట ఎర్రబడుతుంది. ఒకే కాల్పులో రెండు రంగులు. కాల్చే ముందే వాటిని రుద్ది నునుపు తేల్చారు. కుదురుగా నిలబడటానికి వలయంలా చేసిన మట్టి కుదుళ్లు, మూతలు, చిన్న గిన్నెలు కూడా ఉంటాయి. అంటే ఒక భోజనానికి కావాల్సిన సరంజామా అంతా. వీటి పక్కనే ఇనుప కొడవళ్లు, గొడ్డళ్లు, బాకులు, కొన్నిచోట్ల ఎర్రరాయి పూసలు. దక్షిణాదిలో కొన్ని సమాధి కుండల్లో వడ్ల గింజల ఆనవాళ్లు కూడా దొరికాయి.

చనిపోయినవాళ్లకు ఆకలేస్తుందన్న నమ్మకం మనకు కొత్త కాదు. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తారు. పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ, పేరు పేరునా పక్కన పెడతారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఒకే రోజు పొద్దున పెద్దలు, పొద్దుగూకగానే పూలు, పంట, ఆడపిల్లలు. ఈ ఆచారం అప్పటినుంచి నేరుగా వచ్చిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, చెప్పను కూడా. అయితే పోయినవాళ్లను, పొలాన్ని ఒకే రోజు తలుచుకునే ఊళ్లో పెరిగిన మనిషికి, సమాధిలో కొడవలి ఎందుకు పెట్టారన్నది వింతగా అనిపించదు. పెద్దలు తృప్తి పడితే వాన పడుతుంది, చేను పండుతుంది. కొడవలి వాళ్లకు కూడా కావాలి.

శుక్రవారం: దేవరకొండ, డిండి, మహబూబ్‌నగర్

ఈ రోజంతా రోడ్డే. సాగర్ నుంచి దేవరకొండ, అక్కడినుంచి డిండి, కల్వకుర్తి, జడ్చర్ల. ఇంకా కిందికి, కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున పెద్దమారూరు, చాగటూరు ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ముందు అక్కడ కూడా తవ్వకాలు జరిగాయి. రెండు ప్రాజెక్టులు, ఒకే నది, ఒకే రకం జనం. కృష్ణ వెంబడి వాళ్లు ఎంత దట్టంగా బతికారో మనకు ముంపు పుణ్యాన తెలిసింది, ముంపుతోనే చాలావరకు పోయింది కూడా.

డిండి దాటాక రోడ్డు పక్కన రాతి కడీలు చెక్కుతున్న ఒక వడ్డెర పెద్దాయన దగ్గర ఆగాం. అరవై దాటి ఉంటాయి. ఆయన పనిచేస్తున్న బండ పొడవు ఎనిమిది అడుగులుంటుంది. మామయ్య పలకరించారు.

“పెద్దయ్యా, ఇంతకు రెండింతల రాయిని మిషన్ లేకుండా లేపి నిలబెట్టాలంటే ఎట్ల?”

ఆయన సుత్తె పక్కన పెట్టి మమ్మల్ని కాసేపు చూశాడు. తర్వాత నేల మీద పుల్లతో గీసి చూపించాడు.

“గుంత తవ్వాలె సారూ. ఒక దిక్కు నిట్టనిలువుగ, ఒక దిక్కు జారుడుగ. రాయి అడుగు జారుడు దిక్కు నుంచి పంపాలె. వెనక దుంగలు పెట్టి ఎత్తుకుంట, కింద రాళ్లు పేర్చుకుంట పోవాలె. ముంగట మోకులు పట్టి గుంజాలె. నిలబడ్డంక సందుల చిన్న రాళ్లు కొట్టి బిగించాలె. రాయి కంటె మందిని ఒక్క మాట మీద గుంజిపిచ్చుడే కష్టం.”

బండను విడగొట్టడం గురించి అడిగితే, తన తండ్రి కాలంలో మందు పెట్టకుండా మంటతో లేపేవాళ్లని చెప్పాడు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పైపొర వ్యాకోచించి, కింది బండ నుంచి విడిపోతుంది. ఈ ప్రాంతపు గ్రానైట్ గుట్టలకు ఆ గుణం ఎలాగూ ఉంది. ఎండకూ వానకూ ఉల్లిపాయ పొరల్లా తమంతట తాము పలకలుగా విచ్చుకుంటాయి. దేవరకొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఏ గుట్ట చూసినా వాలు మీద అలాంటి పలకలు జారిపోతామన్నట్టు కనిపిస్తాయి. పెద్దరాతి జనానికి సగం పని గుట్టలే చేసిపెట్టాయి.

మిగతా సగం ఎంతో లెక్కేసి చూశాను. ఘనపు మీటరు గ్రానైట్ బరువు రెండున్నర టన్నుల పైమాటే. ముడుమాల్ నిలువురాళ్లలా పద్నాలుగు అడుగుల పొడవు, సగటున మీటరు వెడల్పు, ముప్పావు మీటరు మందం ఉన్న రాయి అనుకుంటే ఎనిమిది టన్నులు దాటుతుంది. అలాంటిదాన్ని ఒక్కదాన్ని నిలబెట్టడానికి పదుల సంఖ్యలో మనుషులు కావాలి. వాళ్లకు తిండి కావాలి. మోకులు పేనడానికి నార కావాలి. ఎప్పుడు గుంజాలో అరిచి చెప్పే ఒకడు కావాలి, వాడి మాట మిగతావాళ్లు వినాలి. రాయి ఎందుకు నిలబెట్టారన్న ప్రశ్నకు జవాబు ఆకాశంలోనో పాతాళంలోనో వెతికే ముందు ఈ పని దగ్గర ఆగాలి అనిపించింది. వేరువేరు పల్లెల్లో బతికే జనం ఏడాదిలో ఒకసారైనా ఒకచోట కలిసి, ఒకే మోకు పట్టుకున్నారు. ఆ కలయిక వాళ్లకు రాయంత అవసరం.

శనివారం: పిల్లలమర్రి, మక్తల్, ముడుమాల్

పొద్దున్నే పిల్లలమర్రి. సుమారు 700 ఏళ్ల మర్రిచెట్టు. 2018లో చెదలు పట్టి కూలిపోతుంటే కొమ్మలకు సెలైన్ సీసాల్లో మందు ఎక్కించి బతికించారు. శ్రీశైలం ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి తిరిగి కట్టిన శివాలయం కూడా ఇక్కడే ఉంది. ఎక్కువసేపు ఉండలేదు. మా మనసంతా ముడుమాల్ మీదే.

దేవరకద్ర, మరికల్, మక్తల్. పత్తి చేలల్లో ఏరుతున్నారు, కంది కాయ పట్టింది. మక్తల్ దాటేసరికి దుకాణాల బోర్డుల మీద కన్నడం మొదలయింది. దారిలో ఒక ఊరి నడిబొడ్డున కొత్తగా రంగులేసిన బొడ్రాయి దగ్గర ఆగి టీ తాగాం. ఊరి మధ్యలో ఒక రాయి నాటి, దాన్నే ఊరి బొడ్డుగా భావించి, ప్రతిష్ఠ రోజున ఆడబిడ్డలందరినీ పుట్టింటికి పిలుచుకునే అలవాటు ఇక్కడ ఇప్పటికీ బతికే ఉంది. రాయి నాటడం అంటే జనాన్ని పోగు చేయడమే.

ఈ ప్రాంతానికి అంతకంటే పాత కథ కూడా ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు పరిశోధకుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వాడు. అది కొత్తరాతి యుగం నాటి పశువుల దొడ్డి. పేడ పోగుపడ్డాక దాన్ని పదే పదే కాల్చారు, అందుకే అంత బూడిద. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. హైదరాబాద్ రాజ్యపు దక్షిణ భాగంలోని రాళ్ల వరుసల గురించి 1956లో రాసింది కూడా ఆల్చినే. అంతకు వందేళ్ల ముందు షోరాపూర్‌లో (ఇప్పుడు కర్ణాటకలోని సురపుర) బ్రిటిష్ అధికారిగా ఉన్న మెడోస్ టేలర్ కూడా ఇలాంటివి చూసి రాశాడు. కృష్ణ, భీమ నదుల పరిసరాల్లో, ఇప్పుడు తెలంగాణ, కర్ణాటకలుగా విడిపోయిన నేలలో రాళ్లను వరుసలుగా పేర్చే అలవాటు ఉండేది. విభూతిహళ్లి, హనుమసాగర్ కర్ణాటకలో ఉన్నాయి. మనవైపు పెద్దది ముడుమాల్.

నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, నది ఒడ్డుకు దగ్గరలో, సుమారు 80 ఎకరాల్లో ఉన్నాయి ఈ రాళ్లు. 80 దాకా పెద్దవి, పది నుంచి పద్నాలుగు అడుగులు, కొన్ని అంతకంటే ఎత్తు. వాటి మధ్య, చుట్టూ వరుసలుగా పేర్చిన చిన్న గుండ్లు 3000 దాకా. పక్కనే రాతి వలయాలూ ఉన్నాయి. 3500 నుంచి 4000 ఏళ్ల నాటివని పరిశోధకుల అంచనా. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

దూరం నుంచి చూసినప్పుడు చెట్టు లేని చేనులో నిలబడ్డ జనంలా కనిపిస్తాయన్న మాట వాస్తవం. చెక్కుడు లేదు, నునుపు లేదు. ఒక్కో రాయికి ఒక్కో వాలు. దగ్గరికి వెళ్లి ఒకదాన్ని ముట్టుకుంటే ఎండ పడ్డ వైపు వెచ్చగా, నీడ వైపు చల్లగా ఉంది. మొదలు దగ్గర సందుల్లో కొట్టిన చిన్న రాళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. డిండి పెద్దాయన చెప్పిన పనే.

పత్తి ఏరుతున్న ఒకామె మమ్మల్ని చూసి వచ్చింది.

“అక్కా, ఈ రాళ్ల గురించి పెద్దలు ఏం చెప్పేవాళ్లు?” అని అడిగాను.

“అమ్మవారి శాపమని చెప్తరు సార్. ఎప్పుడో కల్లంల గింజలు నూర్చేటప్పుడు అమ్మ వచ్చి అడిగితె పెట్టలేదంట. అందరు రాళ్లయినరు. గవి పెద్దయి మనుషులు. గీ చిన్నయి గింజల కుప్పలు.”

ఆమె ఒక రాయి దగ్గరికి తీసుకెళ్లింది. పసుపు, కుంకుమ, ఎండిన పూలు, కొబ్బరి చిప్పలు. ఎల్లమ్మ. మిగతా రాళ్ల మధ్య దానికి ఎత్తులోనో ఆకారంలోనో తేడా ఏమీ లేదు. దేవత ఎక్కడుందో ఊరివాళ్లు నిర్ణయించుకున్నారు. ఆ కథ నాకు చాలా విలువైనదిగా అనిపించింది. ఎందుకంటే అందులో మూడూ ఉన్నాయి: పోయిన మనుషులు, కల్లంలో పంట, అడిగినప్పుడు పెట్టాల్సిన బాకీ. తవ్వకాల్లో సమాధులు చెప్పేది కూడా ఈ మూడింటి గురించే.

సప్తర్షి రాయిని పొద్దువాలే ముందు చూశాం. ఒక బండ మీద చిన్న గిన్నెల్లా తొలిచిన గుంటలు. వేలితో తడిమితే అంచులు అరిగి మెత్తగా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కె.పి. రావు ఈ గుంటల్లో సప్తర్షి మండలాన్ని గుర్తించారు. పల్లెల్లో మంచంకోళ్లు అంటాం కదా, అదే నాలుగు మూలలు, వెనక మూడు చుక్కల తోక. దక్షిణాసియాలో నక్షత్ర మండలాన్ని చూపించిన తొలి చిత్రాల్లో ఇదొకటని ఆయన చెబుతున్నారు. వాలుతున్న వెలుగులో గుంటల లోపల నీడ నిండింది. అప్పుడు ఆకారం స్పష్టంగా తేలింది. మధ్యాహ్నం వచ్చినవాళ్లకు అది అంత బాగా కనిపించదు.

ఆదివారం: డిసెంబరు 21

మక్తల్ లాడ్జిలో నాలుగింటికే లేచాం. అమావాస్య అప్పుడే దాటింది కాబట్టి ఆకాశం చిక్కటి నలుపు. ముడుమాల్ చేరేసరికి సప్తర్షి మండలం ఉత్తరాన, బాగా ఎత్తులో ఉంది. దాని కిందుగా, నేలకు దగ్గరగా ధ్రువనక్షత్రం. భూమి అక్షం 26,000 ఏళ్లకొకసారి గుండ్రంగా తిరిగే ఊపు వల్ల ఆ జనం కాలంలో ఉత్తర ధ్రువం స్థానంలో ఇప్పటి ధ్రువనక్షత్రం లేదు. ఆ స్థానం సప్తర్షులకు ఇప్పటికంటే దగ్గరగా ఉండేది. ఉత్తరం ఎటో తెలియాలంటే వాళ్లకు ఈ ఏడు చుక్కలు మంచి ఆధారం. రాతి మీద వాటినే ఎందుకు తొలిచారో ఇప్పుడు అర్థమవుతుంది.

ముందురోజు పరిచయమైన రైతు ఒకాయన కంబళి కప్పుకుని అప్పటికే వచ్చి ఉన్నారు. ఆయన చేనులోనే చిన్న రాళ్ల వరుసలు కొన్ని ఉన్నాయి. మమ్మల్ని ఒక వరుస చివరకు తీసుకెళ్లి నిలబెట్టారు. ఆరున్నర దాటాక పొగమంచు వెనక ఎరుపు తేలింది. సూర్యుడు సరిగ్గా తూర్పున రాలేదు. ఈ అక్షాంశంలో ఈ రోజు తూర్పుకు దక్షిణంగా సుమారు 24 డిగ్రీలు జరిగి వస్తాడు, ఇంతకంటే దక్షిణానికి పోడు. రెండు పెద్ద రాళ్ల మధ్య, వరుస చూపిన వైపునే వచ్చాడు. కె.పి. రావు, ఆయనలాగే ఈ రాళ్లను కొలిచిన మయాంక్ వాహియా, శ్రీకుమార్ మీనన్ వంటి పరిశోధకులు కొన్ని వరుసలు అయనాంతాల (ఏడాదిలో పగలు అతి పొడవుగా, అతి పొట్టిగా ఉండే రోజులు) నాటి ఉదయాస్తమయాలకు సరిపోతున్నాయని చెప్పారు.

మధ్యాహ్నం దాకా ఉండి నీడలు కొలిచాం. సుమారు 14 అడుగుల రాయి నీడ నడిమధ్యాహ్నం ఉత్తరం వైపు దాదాపు 12 అడుగులు పడింది. అదే రాయికి జూన్ 21న నీడ ఎలా ఉంటుందో మామయ్య పుస్తకంలో లెక్కేసి చూపించారు. అడుగున్నరకు కాస్త పైన, అదీ దక్షిణం వైపు. ముడుమాల్ కర్కట రేఖకు కింద ఉంది కాబట్టి మే మొదటి వారంలో ఒక రోజు నడినెత్తిన సూర్యుడు, రాయికి నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరిగి ఉంటుంది. అంటే నీడ దిక్కు మారిన నెలకు వానలు మొదలవుతాయి. రైతు ఈ మాట విని, “జూన్ ఇరవై ఒకటంటె ఆరుద్ర కార్తె పడే దినమే గద,” అన్నారు. అవును. విత్తనానికి తొందరపెట్టే కార్తె.

అయితే ఇది ఉత్త పంచాంగం అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. సూర్యుడి దారి తెలుసుకోవడానికి రెండు కర్రలు చాలు. మంచి రైతుకు ఆ రెండు కర్రలు కూడా అక్కర్లేదు, కానుగ చిగురు, చీమల గుడ్లు చూసి చెబుతాడు. ఎనిమిది పది టన్నుల రాళ్లు ఎనభై నిలబెట్టడం ఆ అవసరానికి మించిన పని. ఉత్త శ్మశానం అన్నా సరిపోదు, ఎందుకంటే వరుసలు సూర్యుణ్ని చూస్తున్నాయి. నాకు తోచింది ఇది: రుతువు మారే రోజున జనం ఇక్కడ కలిసేవారు. ఎప్పుడు కలవాలో వరుసలు చెప్పేవి. ఎందుకు కలవాలో పెద్దలు చెప్పేవారు. తమవాళ్లు ఇక్కడ మట్టిలో ఉన్నారు కాబట్టి ఈ నీళ్లు, ఈ మేతబీళ్లు తమవేనని దూరం నుంచి వచ్చిన మరో మందకు నిలువురాయి చెప్పేది. సమాధి, పంచాంగం, హద్దురాయి అని మూడు బీరువాల్లో మనం పెట్టుకున్నాం. వాళ్లకు అదంతా ఒకే పని.

ఈ చేనుల్లో ఇప్పటి రైతుల పరిస్థితి గురించి కూడా చెప్పాలి. కంచె వేసిన భాగం బాగానే ఉంది. చిన్న రాళ్ల వరుసలు మాత్రం పట్టా భూముల్లోకి పోయాయి. ట్రాక్టర్ తిరగాలంటే అవి అడ్డం. ఈ రైతు తన చేనులో వరుసలను కదపకుండా గొర్రు తిప్పుకుంటున్నారు. పక్కన ఒకరిద్దరు గట్టు మీదికి నెట్టేశారు. వాళ్లను తప్పుపట్టలేను. మూడు వేల రాళ్లలో ప్రతి ఒక్కటీ దాని చోటులో ఉంటేనే వరుసకు అర్థం. ఒకటి కదిలినా అది చూపే దిక్కు పోతుంది, పెద్ద రాళ్లు మాత్రమే మిగిలితే సగం విషయం పోయినట్టే. వరుసలు కాపాడుతున్న రైతుకు పోయే పంటకు లెక్కగట్టి ఏటా డబ్బు ఇవ్వాలి. ప్రపంచ వారసత్వ హోదా వచ్చేదాకా ఆగితే గట్టు మీది గుట్ట ఇంకా పెరుగుతుంది.

బయలుదేరే ముందు జూన్‌లో వస్తామన్నాం. “మబ్బుంటది సార్, సూర్యుడు కనిపించక పోవచ్చు,” అన్నారు రైతు. ఉన్నా ఫర్వాలేదన్నారు మామయ్య. ఫోన్ తీసి క్యాలెండర్ చూశారు. వచ్చే జూన్ 21 కూడా ఆదివారమే.